ఆపకూడని కంప్యూటర్: వెబ్ హోస్టింగ్ ఎలా పుట్టింది

పచ్చళ్ళ వ్యాపారం చేసుకునే అమ్మాయి కావచ్చు, తమ ఊరి చరిత్ర రాసి పదిమందికీ అందించాలనుకునే రిటైర్డ్ మాస్టారు కావచ్చు, సొంత వెబ్‌సైట్ పెట్టుకుందామని కూర్చోగానే ఎదురయ్యేది ఒక ధరల పట్టిక. షేర్డ్, వీపీఎస్, క్లౌడ్, డెడికేటెడ్ అని నాలుగు వరసలు. వాటి కింద డొమైన్, సీప్యానెల్, ఎస్‌ఎస్‌ఎల్, బ్యాకప్ అంటూ చిన్న అక్షరాల్లో మరికొన్ని, ఒక్కోదాని పక్కన ఒక్కో రేటు. ఏది తీసుకోవాలో తోచక చాలామంది మధ్యలో ఉన్నదానికి డబ్బు కట్టేస్తారు. ఆ పట్టికను ఎవరో ఒక్కరు కూర్చుని తయారు చేయలేదు. అందులోని ప్రతి మాటా ఏదో ఒక ఏడాది ఎవరికో అడ్డుపడిన చిక్కుకు దొరికిన పరిష్కారం. ఆ చిక్కు ఏమిటో తెలిస్తే, అది మనకూ ఉందో లేదో మనమే తేల్చుకోవచ్చు. లేని చిక్కుకు డబ్బు కట్టక్కర్లేదు.

కథ 1990 చివర్లో మొదలవుతుంది. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దులో, జెనీవా పక్కనున్న సెర్న్ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ బల్ల మీదున్న నెక్స్ట్ కంప్యూటరే ప్రపంచంలో మొట్టమొదటి వెబ్ సర్వర్. దాని మీద ఒక కాగితం అంటించి, ఎర్ర సిరాతో ఇది సర్వర్ అనీ, దీన్ని ఆపొద్దనీ రాసిపెట్టారు. ఆ గదిలోకి వచ్చిన వారెవరైనా తెలియక స్విచ్ కట్టేస్తే, ఆ పూటకు లోకంలో వెబ్ అన్నదే ఉండదు.

వెబ్‌సైట్ అంటే ఎక్కడో ఒకచోట రాత్రీ పగలూ ఆగకుండా నడిచే కంప్యూటర్లో ఉన్న ఫైళ్ళు. అంతకు మించి మర్మం లేదు. ఆ కంప్యూటర్‌కి కరెంటు పోకూడదు, నెట్ పోకూడదు, అది వేడెక్కకూడదు, అందులోకి దొంగలు జొరబడకూడదు. ఈ కాపలా ఎవరు కాయాలన్న ప్రశ్నకు ముప్ఫై అయిదేళ్ళుగా దొరుకుతూ వచ్చిన జవాబులే ఇవాళ మనం కొనే ప్లాన్లు.

మొదటి జవాబు చాలా ఖరీదైనది. ఎవరి కంప్యూటర్ వారే పెట్టుకోవాలి, ఎవరి కాపలా వారే కాయాలి. 1991 డిసెంబరులో అమెరికాలో తొలి వెబ్ సర్వర్‌ను నడిపింది కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ లీనియర్ యాక్సిలరేటర్ కేంద్రం. భౌతికశాస్త్ర పత్రాల జాబితాను ప్రపంచానికి అందించడం కోసం పాల్ కుంజ్ అక్కడ దాన్ని ఏర్పాటు చేశారు. పెద్ద యంత్రం, ఎప్పుడూ తెగని నెట్ లైను, చూసుకోవడానికి మనుషులు, ఈ మూడూ ఉన్న సంస్థలకే అది సాధ్యం. 1993 ఏప్రిల్ 30న సెర్న్ తన వెబ్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. దాంతో వెబ్ అందరిదీ అయింది కానీ సర్వర్ మాత్రం ఇంకా అందరిదీ కాలేదు.

ఇక్కడ పేరు గురించి కొంచెం చెప్పుకోవాలి. కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది యంత్రం దగ్గర కాదు, పేరు దగ్గర. వెబ్ పుట్టకముందు, ఇంటర్నెట్ తొలినాళ్ళలో ఏ పేరు ఏ కంప్యూటర్‌దో ఒకే ఒక్క ఫైల్లో రాసి ఉండేది. కాలిఫోర్నియాలోని ఎస్‌ఆర్‌ఐ అనే సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం ఆ ఫైలును చూసుకునేది. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఒక్క ఫైలుతో పని జరగలేదు. 1983లో పాల్ మోకపెట్రిస్ డీఎన్‌ఎస్ అనే ఏర్పాటుకు రూపమిచ్చారు. అందులో ప్రతి పేరుకూ బాధ్యత ఆ పేరుగల వారిదే. తమ పేరు ఇవాళ ఏ యంత్రాన్ని చూపించాలో వాళ్ళే చెప్పుకుంటారు. అంటే పేరు వేరు, యంత్రం వేరు. యంత్రం నచ్చకపోతే మరో చోటికి మారవచ్చు, పేరు మనతోనే వస్తుంది.

1985 మార్చి 15న సింబాలిక్స్ అనే కంపెనీ మొదటి డాట్‌కామ్ పేరు నమోదు చేసుకుంది. పదేళ్ళపాటు పేర్లు ఉచితమే. 1995 నుంచి నెట్‌వర్క్ సొల్యూషన్స్ సంస్థ రెండేళ్ళకు 100 డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి డొమైన్ అనే ఈ పేరు సొంతంగా కొనుక్కునే వస్తువు కాదు, ఏటేటా కట్టే కౌలు. గడువు దాటితే కొన్నాళ్ళు ఆగి వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు. మన దగ్గర తరచూ జరిగేది ఇంకోటుంది. వెబ్‌సైట్ చేసిపెట్టే కుర్రవాడు డొమైన్‌ను తన ఈమెయిల్‌తో, తన ఖాతాలో నమోదు చేస్తాడు. అతను ఉద్యోగం మారి ఏ బెంగళూరో వెళ్ళాక రెన్యువల్ నోటీసు ఎవరికీ చేరదు. పదేళ్ళుగా కార్డుల మీద అచ్చువేసిన పేరు ఒక పొద్దున పరాయిదవుతుంది. అతను చెడ్డవాడేమీ కాడు. నోటీసు ఎవరికి వెళ్ళాలన్నది మొదటి రోజే ఎవరూ ఆలోచించలేదు, అంతే.

మళ్ళీ యంత్రం దగ్గరికి వద్దాం. అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్‌ఏ కేంద్రంలో రాబ్ మెకూల్ రాసిన సర్వర్ సాఫ్ట్‌వేర్‌నే 1993, 94లలో ఎక్కువమంది వాడేవారు. 1994 మధ్యలో ఆయన ఆ సంస్థ విడిచి వెళ్ళడంతో దాన్ని పట్టించుకునే నాథుడు లేకపోయాడు. వాడేవాళ్ళు తప్పులను ఎవరికి వారు సరిచేసుకుంటూ, ఆ దిద్దుబాట్లను ఈమెయిల్‌లో పంచుకునేవారు. 1995 ఫిబ్రవరిలో బ్రయన్ బెలెండార్ఫ్‌తో సహా ఎనిమిది మంది ఒక జట్టుగా కలిసి వాటిని ఒకచోట చేర్చారు. అదే అపాచీ. ఆ ఏడాది ఏప్రిల్‌లో తొలి విడుదల, డిసెంబరు 1న 1.0. మరుసటి ఏడాదికల్లా ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ సైట్లు దాని మీదే నడిచాయి. దాన్ని రాసినవాళ్ళు స్వయంగా సర్వర్లు నడిపేవాళ్ళు కాబట్టి, నడిపేవాళ్ళ కష్టాలు వాళ్ళకు తెలుసు. ఆ కష్టాల్లో ముఖ్యమైనది ఒకే యంత్రం మీద అనేక సైట్లు ఉంచడం.

వినడానికి ఇది చిన్న విషయంలా ఉంటుంది. ఈ కథ మొత్తంలో కీలకమైన మలుపు ఇదేనని నా అభిప్రాయం. తొలినాటి వెబ్‌లో బ్రౌజర్ సర్వర్‌ను అడిగే తీరు ఇలా ఉండేది: నాకు మొదటి పేజీ ఇవ్వు. ఏ సైటు మొదటి పేజీ అన్నది అందులో ఉండదు. ఒక్కో యంత్రానికి ఒక్కటే సైటు అనుకున్న రోజుల్లో అది చెప్పాల్సిన అవసరమే లేకపోయింది. ఒకే యంత్రం మీద యాభై సైట్లు పెడితే, ఈ అడిగింది ఎవరి పేజీయో సర్వర్‌కు తెలిసేదెలా? అందుకని ఒక్కో సైటుకు ఒక్కో ఐపీ అంకె, అంటే నెట్‌లో యంత్రాన్ని గుర్తించే చిరునామా, కేటాయించేవారు. అప్పటి ఏర్పాటులో ఆ అంకెలు ప్రపంచం మొత్తానికీ కలిపి 429 కోట్లే. ఇలా సైటుకొకటి పంచుకుంటూ పోతే అవి ఎన్నాళ్ళో రావు.

పరిష్కారం ఒకే ఒక్క వాక్యం. బ్రౌజర్ పేజీని అడిగేటప్పుడు సైటు పేరు కూడా చెప్పాలి. 1997 జనవరిలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం దీన్ని తప్పనిసరి చేసింది. పేరు చెప్పకుండా అడిగితే సర్వర్ ఆ అభ్యర్థనను తిప్పికొట్టాలి. ఆ ఒక్క వాక్యంతో ఒకే అంకె, ఒకే యంత్రం మీద వందల సైట్లు ఉండడం వీలైంది. యంత్రం ఖర్చు, కాపలా ఖర్చు వందలమంది మధ్య పంచుకున్నారు. షేర్డ్ హోస్టింగ్ అంటే ఇదే. ఇవాళ నెలకు వంద, రెండు వందల రూపాయలకు చోటు దొరుకుతోందంటే దాని వెనక ఆ వాక్యం ఉంది.

ఇది వాటాలుగా అద్దెకిచ్చిన ఇల్లు లాంటిది. బావి ఒకటే, గేటు ఒకటే. పక్క వాటాలో పెళ్ళయితే మనకు నీళ్ళు తక్కువ పడతాయి. పక్క సైటుకు ఒక్కసారిగా జనం వచ్చి పడితే మన పేజీ ఆలస్యంగా తెరుచుకుంటుంది. అందుకే అన్‌లిమిటెడ్ అని రాసిన ప్లాన్లలో కూడా ప్రాసెసర్ వాడకానికీ, మెమరీకీ, మొత్తం ఫైళ్ళ సంఖ్యకూ షరతుల పేజీలో హద్దులుంటాయి. కొనేముందు చదవాల్సింది ఆ పేజీనే. అయినా సరే, రోజుకు కొన్ని వందలమంది వచ్చే సైటుకు, అక్షరాలూ బొమ్మలూ తప్ప వేరే ఏమీ లేని సైటుకు ఇంతకన్నా పెద్దది అక్కర్లేదు. మొదటిసారి పెట్టేవాళ్ళలో ఎక్కువమందికి ఇదే సరిపోతుంది.

ఉచితంగా ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. 1994లో డేవిడ్ బోనెట్, జాన్ రెజ్నర్ మొదలుపెట్టిన సంస్థ జియోసిటీస్ అన్న పేరుతో ప్రసిద్ధి పొందింది. హాలీవుడ్, సిలికాన్ వ్యాలీ అంటూ పేటలుగా విడగొట్టి, ఎవరికి కావాలంటే వారికి చోటు ఇచ్చారు. లక్షలమంది మామూలు మనుషులు మొదటిసారి వెబ్‌లో తమదంటూ ఒక పేజీ రాసుకున్నది అక్కడే. 1999లో యాహూ దాన్ని సుమారు 360 కోట్ల డాలర్లకు కొని, 2009 అక్టోబరులో మూసేసింది. కొంతమంది స్వచ్ఛంద కార్యకర్తలు, ఇంటర్నెట్ ఆర్కైవ్ కలిసి చేతనైనంత భద్రపరిచారు. ఆ పేజీల చిరునామా జియోసిటీస్‌ది, రాసినవాళ్ళది కాదు. అందుకే ఫైళ్ళు దాచుకున్నవాళ్ళు కూడా పాత చిరునామాను వెంట తీసుకెళ్ళలేకపోయారు. ఉచిత చోటులో మొదలుపెట్టడం తప్పేమీ కాదు. డొమైన్ మాత్రం మనదై ఉండాలి.

అదే కాలంలో సర్వర్ తాళాలు మామూలు మనిషి చేతికి వచ్చాయి. మొదట్లో నల్లటి తెర మీద యునిక్స్ ఆదేశాలు కొట్టడం వస్తేనే సర్వర్ దగ్గరికి వెళ్ళాలి. 1996లో నిక్ కాస్టన్ ఒక చిన్న హోస్టింగ్ సంస్థ కోసం బటన్లతో నడిచే పలకను తయారు చేశారు, అదే సీప్యానెల్. ఫైళ్ళు ఎక్కించడం, ఈమెయిల్ ఖాతాలు తెరవడం, డేటాబేస్ తయారు చేయడం మౌస్‌తో అయిపోయాయి. అంతకు ముందు ఏడాది, ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో నెట్‌వర్క్ మీద ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డ్‌లు కాజేశారు. ఆ చేదు అనుభవంతో టాటు ఇలోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశారు. పాత పద్ధతుల్లో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు తీగ మీద వెళ్ళేది. ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని గుప్తలిపిలో పంపుతుంది. ఫైళ్ళు పంపే పాత పద్ధతి ఎఫ్‌టీపీ ఇప్పటికీ చాలాచోట్ల దొరుకుతుంది. ఫైళ్ళు ఎక్కించడానికి ఎస్‌ఎస్‌హెచ్ మీద నడిచే ఎస్‌ఎఫ్‌టీపీ ఉంటే అదే వాడండి, లేని హోస్టింగ్ జోలికి వెళ్ళొద్దు.

1995లోనే రాస్మస్ లెర్డార్ఫ్ వెబ్ పేజీలను తయారు చేసే పీహెచ్‌పీని బయటపెట్టారు, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వచ్చింది. 2003 మే 27న మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ సైట్లు నడుపుకునే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ విడుదల చేశారు. లినక్స్, అపాచీ, మైఎస్‌క్యూఎల్, పీహెచ్‌పీ నాలుగూ ఉచితమే కాబట్టి చాలా హోస్టింగ్ సంస్థలు వాటినే పెట్టాయి, వర్డ్‌ప్రెస్ దాదాపు ఎక్కడైనా నడిచింది.

తెలుగువాళ్ళకు సంబంధించిన సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. 1998లో అమెరికా తెలుగువాళ్ళు ఈమాట పత్రికను వెబ్‌లో తెచ్చారు, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. పత్రికకో ఫాంటు ఉన్న ఆ రోజులు దాటి, అన్నిచోట్లా అవే అక్షర సంకేతాలు వాడే యూనికోడ్‌కు మనం వచ్చాం. కానీ సర్వర్ లోపల చిక్కు మిగిలింది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, యూనికోడ్‌ను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోదానికీ మూడు బైట్లు కావాలి. మైఎస్‌క్యూఎల్‌ను మాత్రం చాలా ఏళ్ళు పశ్చిమ యూరప్ భాషల లిపి పట్టికనే అలవాటుగా పెట్టుకుని విడుదల చేశారు. 2018లో వచ్చిన 8.0 నుంచే అది మారింది. పాత సైటును ఒక హోస్టింగ్ నుంచి మరోదానికి మార్చినప్పుడు తెలుగంతా పిచ్చి అక్షరాలుగానో ప్రశ్నార్థకాలుగానో మారిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. ఈ రెంటికీ తేడా ఉంది. పిచ్చి అక్షరాలు కనిపిస్తే భయపడక్కర్లేదు, లోపల బైట్లు చాలావరకు అలాగే ఉంటాయి, సరైన పట్టికతో చదివిస్తే తెలుగు తిరిగి వస్తుంది. డేటాబేస్‌లోనే వరసగా ప్రశ్నార్థకాలు పడి ఉంటే మాత్రం అసలు అక్షరాలు పోయినట్టే, పాత కాపీ నుంచి తెచ్చుకోవాల్సిందే. కొత్త డేటాబేస్ తెరిచేటప్పుడు యూటీఎఫ్8ఎంబీ4 అన్నది ఎంచుకోండి. తెలుగూ నిలుస్తుంది, నాలుగు బైట్లు పట్టే ఎమోజీలూ నిలుస్తాయి.

వాటాల్లో ఇరుకు పడేవాళ్ళకు వేరే దారి కావాల్సి వచ్చింది. ఒకే యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌తో గదులుగా చీల్చి, ఒక్కో గదిలో ఒక్కో పూర్తి కంప్యూటర్ ఉన్నట్టు నడపడం పెద్ద మెయిన్‌ఫ్రేముల్లో ఎప్పటి నుంచో ఉంది. మామూలు కంప్యూటర్లకు దాన్ని 1999లో వీఎంవేర్ తెచ్చింది, 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుంచి జెన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వచ్చింది. దానితో అలాంటి గదిని అద్దెకిచ్చే వీపీఎస్ చవకైంది. 2006 ఆగస్టులో అమెజాన్ జెన్ మీదే ఈసీ2 సేవ మొదలుపెట్టింది. దాన్ని తీర్చిదిద్దిన చిన్న జట్టు పనిచేసింది దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో. ఒక చిన్న యంత్రానికి గంటకు 10 సెంట్లు. కావాలంటే తెరువు, అక్కర్లేకపోతే మూసెయ్. ఏడాది ఒప్పందాల మీద నడిచే వ్యాపారంలో గంటల లెక్క కొత్త సంగతి. క్లౌడ్ అంటే ఇదే.

వీపీఎస్ తీసుకుంటే మొత్తం యంత్రం మన చేతికి వచ్చినట్టే, కాపలాలో పెద్ద భాగం కూడా మన మీదికే వస్తుంది. కరెంటు, నెట్ వాళ్ళు చూస్తారు. సాఫ్ట్‌వేర్ తాజా చేయడం, ఫైర్‌వాల్ పెట్టడం, పాస్‌వర్డ్ బదులు ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు వాడడం, రాత్రి రెండు గంటలకు డేటాబేస్ పడిపోతే లేపడం మన పని. కొత్త సర్వర్‌ను నెట్‌కు తగిలించిన కాసేపటికే ఎక్కడెక్కడి నుంచో ఆటోమేటిక్ ప్రోగ్రాములు పాస్‌వర్డ్‌లు ఊహించి కొట్టడం మొదలుపెడతాయి. నేర్చుకోవాలన్న కోరిక ఉంటే వీపీఎస్ మంచి బడి. వ్యాపారం నిలబడడమే ముఖ్యమైతే, చూసుకునే మనిషి లేనిదే తీసుకోవద్దు. క్లౌడ్‌లో ఇంకో జాగ్రత్త ఉంది. వాడకాన్ని బట్టి బిల్లు కాబట్టి మొదటి రోజే ఖర్చు హెచ్చరిక పెట్టుకోవాలి.

సర్వర్ ఎక్కడుందన్నదీ చూడాలి. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి అమెరికా తూర్పు తీరానికి సూటిగా లెక్కవేసినా సుమారు 13,000 కిలోమీటర్లు ఉంటుంది. వెళ్ళి రావడానికి ఎంత తక్కువ వేసుకున్నా సెకనులో ఎనిమిదో వంతు. ఒక్క పేజీ తెరవడానికి అలాంటి రాకపోకలు చాలానే జరుగుతాయి. పాఠకులు గుంటూరులో, కరీంనగర్‌లో ఉంటే సర్వర్ మన దేశంలో ఉండడం మేలు. అమెజాన్ 2016లో ముంబైలో, 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన కేంద్రాలు తెరిచింది. చిన్న సంస్థల ప్లాన్లలో కూడా కేంద్రం ఎంచుకునే వీలుంటుంది, చాలామంది దాన్ని చూడకుండానే ముందుకు వెళ్ళిపోతారు.

బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య రాకపోకలను గుప్తలిపిలో నడిపే ఎస్‌ఎస్‌ఎల్ కథ, ఒకే యంత్రం మీద అనేక సైట్లన్న ఆ పాత చిక్కుకు కొనసాగింపే. 1995లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ సంస్థ దాన్ని తెచ్చింది. ఇందులో బ్రౌజర్ సైటు పేరు చెప్పేలోపే గుప్తలిపి ఒప్పందం మొదలవుతుంది. దానికి సర్వర్ ఆ సైటు అసలైనదేనని చెప్పే సర్టిఫికెట్ చూపించాలి, ఎవరి సర్టిఫికెట్ చూపించాలో సర్వర్‌కు తెలియదు. మళ్ళీ సైటుకో ఐపీ అంకె! 2003లో ఎస్‌ఎన్‌ఐ అనే చేర్పుతో ఒప్పందం మొదట్లోనే పేరు చెప్పే పద్ధతి వచ్చింది. విండోస్ ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు అది తెలియకపోవడంతో ఆ యంత్రాలు వాడుకలో ఉన్నన్నాళ్ళూ హోస్టింగ్ సంస్థలు ప్రత్యేక ఐపీకి, సర్టిఫికెట్‌కు విడివిడిగా డబ్బు తీసుకున్నాయి. మొజిల్లా, ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్, మిషిగన్ విశ్వవిద్యాలయం వారి చొరవతో పుట్టిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015 డిసెంబరు నుంచి సర్టిఫికెట్లను అందరికీ ఉచితంగా ఇస్తోంది. 2018 జులై నుంచి క్రోమ్ బ్రౌజర్ సర్టిఫికెట్ లేని ప్రతి సైటునూ సురక్షితం కాదని చూపిస్తోంది. కాబట్టి అది లేకుండా సైటు పెట్టొద్దు. మామూలు సర్టిఫికెట్‌కు ఇవాళ విడిగా డబ్బు అడిగే ప్లాన్ కూడా తీసుకోవద్దు.

మిగిలింది బ్యాకప్. 2021 మార్చి 10న అర్ధరాత్రి దాటాక ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ భవనం ఒకటి పూర్తిగా తగలబడింది. ఎవరికీ గాయాలు కాలేదు. లక్షల సైట్లు మాత్రం ఆగిపోయాయి. వేరే చోట కాపీ ఉన్నవాళ్ళు కొద్ది రోజుల్లో లేచి నిలబడ్డారు. బ్యాకప్‌కు డబ్బు కట్టి కూడా, ఆ కాపీ అదే ఆవరణలో ఉండడంతో రెండూ పోగొట్టుకున్నవాళ్ళున్నారు. కాపలా మొత్తం అప్పగించవచ్చు. కాపీ మాత్రం మన దగ్గర ఉండాలి, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

సైటు పెట్టబోతున్నవారికి నేను చెప్పేది ఇదీ. డొమైన్‌ను మీ పేరున, మీరు రోజూ చూసే ఈమెయిల్‌తో తీసుకోండి. మొదటి ఏడాది రేటు కాదు, రెన్యువల్ రేటు చూసి ప్లాన్ ఎంచుకోండి. షేర్డ్‌తో మొదలుపెట్టండి, ఇరుకైనప్పుడు మారవచ్చు. ఇప్పటికే సైటు ఉన్నవారు ఈ వారంలోనే ఫైళ్ళనూ డేటాబేస్‌నూ సొంత కంప్యూటర్‌లోకి దించుకుని, ఆ కాపీ మరో చోట తెరుచుకుంటుందో లేదో, అందులో తెలుగు తెలుగుగానే కనిపిస్తుందో లేదో ఒకసారి సరిచూసుకోండి.